చుక్క వెలిగితేనే ఊరు

1995 ఎండాకాలం సెలవుల్లో మద్రాసులో మా మామ ఇంట్లో ఒక వంతెన దగ్గర మూడు రోజులు నిలబడిపోయాను. ఆ వంతెన కంప్యూటర్లో ఉంది. దాన్ని కాస్తున్న రాక్షసుడు దాటాలంటే సుంకం కట్టమంటాడు. డబ్బిస్తే పుచ్చుకోడు. అందరి చూపూ తనవైపు లాక్కునేదీ, తీరా చూస్తే దేనికీ కొరగానిదీ ఏదన్నా తెమ్మంటాడు. మా సంచీలో ఉన్నవన్నీ ఒక్కొక్కటే ఇచ్చి చూశాం. రబ్బరు కోడి, కత్తి, పార, మాంసం ముక్క. వాడు దేనికీ లొంగలేదు. నాలుగోనాడు బావకు విసుగుపుట్టి కంప్యూటర్ ఆపేసి క్రికెట్టుకు పోయాడు.

ఆ రాత్రి అన్నాల దగ్గర మామకు సంగతి చెప్పాం. మామ పెరంబూరు రైలుపెట్టెల ఫ్యాక్టరీలో పని. కంప్యూటర్ గురించి ఆయనకు తెలిసింది తక్కువ, ఇంగ్లీషు గురించి తెలిసింది ఎక్కువ. కాసేపు ఆలోచించి, "ఒరే, దారి తప్పించే ఆనవాలును వాళ్లు రెడ్ హెర్రింగ్ అంటారు. అదొక చేప. మీ ఆటలో చేప ఎక్కడన్నా ఉండాదా?" అన్నాడు. ఉంది. ఊళ్లో సారాకొట్టు వెనక, రేవు పలకల మీద ఎర్రగా పడి ఉంది. తీసుకోబోతే పక్కనున్న సముద్రపక్షి పొడిచేది, అందుకని వదిలేశాం. వదులుగా ఉన్న పలక చివర అదేపనిగా తొక్కితే పక్షి ఎగిరిపోతుందనీ, అది మళ్లీ వాలేలోగా చేప అందుకోవచ్చనీ ఆ రాత్రే కనిపెట్టాం. ఇంగ్లీషు జాతీయం తెలియని పిల్లలకు దాటరాని వంతెన అది. ఆట చేసినవాళ్లకు కార్వేటినగరం పిల్లకాయొకడు ఆ వంతెన ఎక్కుతాడని ఎట్లా తెలుస్తుంది?

ఆట పేరు 'ది సీక్రెట్ ఆఫ్ మంకీ ఐలండ్'. 1990లో అమెరికాలో లూకాస్‌ఫిల్మ్ గేమ్స్ తెచ్చింది. రాన్ గిల్బర్ట్ దాని సూత్రధారి, టిమ్ షేఫర్, డేవ్ గ్రాస్‌మన్ ఆయనతో కలిసి రాశారు. మా చేతికొచ్చింది కొన్న పెట్టె కాదు, ఎవరి దగ్గర్నుంచో ఎవరో కాపీ చేసుకున్న ఫ్లాపీలు. దొంగ కాపీలను ఆపడానికి కంపెనీ పెట్టెలో ఒక అట్ట చక్రం పెట్టేది. తెర మీద కనిపించిన సముద్రపు దొంగ మొహాన్ని చక్రం తిప్పి కలపాలి, కంతలో కనిపించే సంవత్సరం కొట్టాలి, అప్పుడే ఆట మొదలవుతుంది. మా చక్రం జిరాక్స్ కాగితాలది. రెండు బిళ్లలు కత్తిరించి నడుమ గుండుసూది గుచ్చింది. తిప్పి తిప్పి సూది బెజ్జం పెద్దదై, దొంగల నుదుళ్లు ఒకచోట, గడ్డాలు ఒకచోట ఉండేవి.

ఇన్నేళ్ల తర్వాత ఈ కథ చెప్పడం ఆ చేప కోసం కాదు, పటం కోసం.

ఆవగింజంత మనిషి

ఆటలో హీరో ఊరి చివర కొండంచు దాటగానే తెర మారిపోతుంది. అంతవరకు జానెడు ఎత్తున కనబడిన మనిషి ఆవగింజంత అయిపోతాడు. చీకట్లో నీలంగా దీవి మొత్తం ఒక్కచూపులో పరుచుకుంటుంది. సర్కసు గుడారం ఇక్కడ, పడవలు అమ్మేవాడు అక్కడ, అవతల వంతెన. కావలసినచోట నొక్కితే ఆ చుక్క టుకుటుకుమంటూ పోతుంది. పది తెరలు దాటాల్సిన నడక పది సెకన్లలో అయిపోతుంది.

ఇప్పుడు గేములాడే పిల్లలు దీన్ని 'ఫాస్ట్ ట్రావెల్' అంటారు. వాళ్లకది విశేషం కాదు, ఫోన్లో మ్యాపు తెరిచి వేలు పెట్టడమంత మామూలు. ముప్పై నలభై ఏళ్ల కిందటి సాహస ఆటల్లో మాత్రం ఈ పటం ఒక కొత్త ఉపాయం. అప్పటికి నడక ఎంత నరకమో చూసినవాళ్లకే దాని విలువ తెలుస్తుంది. సియెర్రా కంపెనీ 1984లో తెచ్చిన 'కింగ్స్ క్వెస్ట్'లో బాణం మీటలతో తెర తర్వాత తెర నడవాల్సిందే. పడమటి అంచు దాటితే తూర్పు అంచున తేలతావు, రాజ్యమంతా గుండ్రంగా చుట్టేస్తుంది. అది గమ్మత్తుగా ఉండేది నిజమే. మరిచిపోయిన వస్తువు కోసం అదే చెట్టూ అదే రాయీ ఆరోసారి దాటేటప్పుడు గమ్మత్తు మిగలదు.

ఇంకో కారణం ఫ్లాపీ. ప్రతి తెరా ఒక బొమ్మ, ప్రతి బొమ్మా డిస్కు మీద చోటు. 'మంకీ ఐలండ్' రెండో భాగం అమీగా కంప్యూటర్ మీద 11 ఫ్లాపీల్లో వచ్చింది. నడిచే ప్రతి అడుగుకూ బొమ్మ గీయాలంటే గీసేవాడికి జీతం, డిస్కుకు ఖర్చు, ఆడేవాడికి ఫ్లాపీలు మార్చుకునే పని. పటం ఒక్కటి గీస్తే ఆ దూరమంతా ఒక తెరలో ఇమిడిపోతుంది. గొప్ప ఉపాయాల్లో చాలావాటికి మూలం ఇట్లాంటి పిసినారితనమేనని నాకు అనుమానం.

పటం గీయడం కాదు, దాని మీద ఏ చుక్క ఎప్పుడు వెలగాలో తేల్చడమే అసలు పనితనం. 1993లో వచ్చిన 'శామ్ అండ్ మ్యాక్స్ హిట్ ద రోడ్'లో అమెరికా పటం మొదట్లో దాదాపు ఖాళీగా ఉంటుంది. ఎక్కడో ఒక ఆధారం దొరికితేనే, ఎవరో ఒక మాట చెబితేనే కొత్త ఊరు పుట్టుకొస్తుంది. అదే ఏడాది జేన్ జెన్సెన్ రాసిన 'గేబ్రియల్ నైట్'లో న్యూ ఆర్లీన్స్ నగరమూ అంతే, 1996 నాటి 'బ్రోకెన్ స్వోర్డ్'లో పారిసూ అంతే. జేబులో ఒక కార్డు దొరికింది, ఒక పేరు చెవిన పడింది, పటంలో చుక్క వెలిగింది. పారిసు అంతకుముందూ అక్కడే ఉంది. నీకు పని పడనంతవరకు ఆ వీధి నీకు లేదు, అంతే.

పుత్తూరు ఎవరికి కనిపిస్తుంది?

ఈ సూత్రం మాకు కొత్తగా అనిపించలేదు. మద్రాసులో మా ఊరి పేరు చెబితే ఎవరికీ తెలిసేది కాదు. "పుత్తూరు పక్కన" అంటే మాత్రం సగం మంది తలలు ఊగేవి. "ఓ, కట్టు కట్టే పుత్తూరా!" ఎముక విరిగినవాళ్లకు ఆకు పసరు పూసి, కోడిగుడ్డు సొన పట్టించి, వెదురుబద్దలు పెట్టి గుడ్డ చుట్టే పుత్తూరు కట్టు పేరు తమిళనాడు దాకా పాకింది. చెయ్యో కాలో విరగనివాడికి పుత్తూరు రేణిగుంట, అరక్కోణం నడుమ రైలు కాసేపు ఆగే స్టేషను. విరిగినవాడి పటంలో అదే పెద్ద చుక్క.

ఆ సెలవులు అయిపోయి ఊరికొచ్చాక నేనూ, నాతోపాటు వచ్చిన బావా గళ్ల నోటుపుస్తకంలో కార్వేటినగరం పటం గీశాం. నడుమ స్కందపుష్కరిణి. రాతిమెట్ల కోనేరు గీయడం చాలా తేలిక, చదరంలో చదరం, దాంట్లో ఇంకో చదరం. పక్కన వేణుగోపాలస్వామి గుడి, రాజుల కాలపు కట్టడాలు, బస్టాండు. పేజీ అంచుల్లో కృష్ణాపురం డ్యాం, వెదురుకుప్పం, పుత్తూరు, నారాయణవనం, పళ్లిపట్టు. ఎగువన మూలకు తిరుమల కొండ.

పెట్టుకున్న నియమం ఒక్కటే. నడిచి వెళ్లి వచ్చినచోటికే చుక్క. మిగతావన్నీ సున్నాలు. సున్నాలో సిరా నింపితే చుక్క. 'మిస్ట్' అనే ఆటను నేను చూసింది చాలా ఏళ్ల తర్వాత. మిల్లర్ సోదరులు 1993లో చేసిన ఆ ఆటలో మెరుపు గుర్తు నొక్కితే దూరాలు దూకేయొచ్చు, కానీ ముందొకసారి పోయి చూసినచోటికి మాత్రమే. మా నోటుపుస్తకం చట్టం అక్కడ కనబడేసరికి నాకు కాస్త గర్వమేసింది, దాచుకోను.

పుత్తూరు దగ్గర గొడవొచ్చింది. సైకిలు మీద పోయొచ్చాం. చుక్క పెట్టొచ్చునా? బావ పెట్టొచ్చన్నాడు, నేను కాదన్నాను. పంచాయతీ అవ్వ దగ్గరికి పోయింది. అవ్వ నోట్లో వక్కాకు ఒక దవడ నుంచి ఇంకో దవడకు మార్చి, "మేము రైలెక్కాలంటే పుత్తూరు దాకా ఎద్దులబండి కట్టుకోని పొయ్యేవాళ్లం నాయనా. మొగోళ్లు బండి పక్కన నడిచేవాళ్లు. మరి బండ్లో కూచున్నోళ్లు పుత్తూరు పోయినట్టా పోనట్టా?" అంది. తీర్పు చెప్పలేదు. మేము సున్నాలో సగం నింపి వదిలేశాం.

పళ్లిపట్టు సున్నా అసలు వేరే రంగు. ఎర్ర సిరాతో గీత గీసి ఆ గీతకు అవతల పెట్టాం. ఒకప్పుడు చిత్తూరు జిల్లాలో ఉన్న తిరుత్తణి, పళ్లిపట్టు ప్రాంతాలు సరిహద్దుల సర్దుబాటులో 1960 ఏప్రిల్ 1న మద్రాసు రాష్ట్రానికి పోయాయి. పటాస్కర్ తీర్పు అని పెద్దవాళ్లు ఇప్పటికీ అంటుంటారు. చుట్టాలు, సంత, గుడి అన్నీ అటువైపు ఉన్నవాళ్లకు గీత పడిందని తెలిసింది బస్సు రంగును బట్టే. ఇక 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడగొట్టినప్పుడు పుత్తూరు తిరుపతి జిల్లాలోకి పోయింది, మేము చిత్తూరులోనే మిగిలాం. ఒకే బస్సు, ఒకే దారి, నడుమ ఇప్పుడొక జిల్లా హద్దు. ఇంకా వెనక్కి పోతే ఈస్టిండియా కంపెనీ వాళ్ల పటాల్లో మా సంస్థానం బొమ్మరాజుపాళెం. దొరల నాలుకకు తిరిగినన్ని స్పెల్లింగుల్లో ఆ పేరు కనిపిస్తుంది. సారంగపాణి పదాలు కట్టిన ఊరు ఇదేనని వాటి మీద ఎక్కడా ఉండదు. పన్ను వసూలు చేసేవాడి పటంలో పదాలకు చుక్క పెట్టరు.

మంత్రమూ పసరూ

కంప్యూటర్లో దూరాన్ని మొదట జయించింది బొమ్మ కాదు, మాట. విల్ క్రౌథర్ అనే అమెరికా ప్రోగ్రామరు గుహలు కొలిచే అలవాటున్నవాడు. కెంటకీలోని మామత్ గుహల పటాలు తయారు చేసినవాళ్లలో ఒకడు. భార్యతో విడిపోయాక కూతుళ్ల కోసం 1970ల నడుమ ఒక ఆట రాశాడు, 1977లో డాన్ వుడ్స్ దాన్ని పెంచాడు. అదే 'కొలోసల్ కేవ్ అడ్వెంచర్'. తెర మీద బొమ్మలే లేవు, అక్షరాలే. లోపల ఒక గదిలో గోడ మీద ఒక మంత్రం రాసి ఉంటుంది, 'జిజ్జీ' లాగా పలికే అయిదు ఇంగ్లీషు అక్షరాలు. అది కొడితే గుహ లోపలి నుంచి బయటి ఇంట్లోకి, అక్కడ కొడితే మళ్లీ లోపలికి. నిజం గుహల్లో పాకి పాకి మోకాళ్లు దోక్కుపోయినవాడు రాసుకున్న మంత్రమది. అంతకన్నా అర్థమయ్యే కోరిక ఇంకేముంటుంది?

మనకు ఈ కోరిక అయిదు వందల ఏళ్ల కిందటే కావ్యంలోకి ఎక్కింది. అల్లసాని పెద్దన 'మనుచరిత్ర'లో ప్రవరుడు ఇల్లు కదలని మనిషి. అగ్నిహోత్రం, అతిథులు, శిష్యులు. తీర్థాలు చూడాలని మాత్రం ప్రాణం కొట్టుకుంటుంది. ఇంటికొచ్చిన ప్రతి యాత్రికుణ్నీ కూచోబెట్టి ఎక్కడెక్కడ ఏమేం చూశావని అడుగుతాడు. పటంలో సున్నాలు పెట్టుకుంటూ పోవడమంటే ఇదే. చివరికి ఒక సిద్ధుడు పాదాలకు పసరు పూస్తాడు. మరుక్షణం హిమాలయం. చూడాల్సిందంతా చూసి ఇంటికి పోదామనుకునేసరికి మంచులో పసరు కరిగిపోయింది.

ఇక్కడ పెద్దన చేసింది ఏ గేము రూపకర్తకైనా పాఠమే. పసరు పనిచేసినంతసేపూ కథ లేదు. అది కరిగిన చోటనే వరూధిని కనిపిస్తుంది, కావ్యం మొదలవుతుంది. ప్రవరుడికి తిరుగు ప్రయాణం దొరికి ఉంటే ఆ సాయంత్రం సంధ్యవార్చుకుని పడుకునేవాడు. మనకు మనుచరిత్ర ఉండేది కాదు. 'పాతాళ భైరవి'లో నేపాళ మాంత్రికుడు రాముడి మేడను రాకుమారితో సహా ఎత్తించుకుపోయినప్పుడూ అంతే. మేడ రెప్పపాటులో పోయింది, దాన్ని వెతుక్కుంటూ తోట రాముడు పోయిందే సినిమా.

పాత ఆటలు చేసినవాళ్లలో తెలివైనవాళ్లకు ఈ కిటుకు పట్టుబడింది. అందుకే పటాన్ని ఊరికే ఇవ్వరు. 1992 నాటి 'కింగ్స్ క్వెస్ట్ 6'లో దీవి నుంచి దీవికి పోవడానికి మాయా పటం కావాలి, దానికి తాకట్టు దుకాణంలో రాజకుమారుడు తన ఉంగరం ఇచ్చుకోవాలి. 1988 నాటి 'జాక్ మెక్‌క్రాకెన్'లో విమానాలెక్కి ఖాట్మండూ, కైరో తిరగొచ్చు, కానీ టికెట్టుకు కార్డులో డబ్బు తరుగుతుంది. లెక్క చూసుకోకపోతే పరాయి దేశంలో ప్రవరుడి గతే. 'పోలీస్ క్వెస్ట్' రాసిన జిమ్ వాల్స్ నిజంగా కాలిఫోర్నియా హైవే పోలీసుగా పనిచేసినవాడు. ఆయన ఆటలో కారెక్కే ముందు చుట్టూ తిరిగి టైర్లు చూసుకోవాలి, లేకపోతే దారిలో గాలి పోతుంది. పటం మీద ప్రయాణానికి ఇంత చాదస్తం ఎక్కడా చూడలేదు. పుత్తూరు బస్టాండులో స్టీరింగు ముందు కూచునే ముందు చక్రాలను కాలితో తన్ని చూసే డ్రైవర్లను చూసినవాణ్ని కనుక నాకది చాదస్తంగా తోచలేదు.

ఇవన్నీ తెచ్చి వైకుంఠపాళి పక్కన పెడితే మనకెంత పాత పరిచయమో తెలుస్తుంది. పరమపద సోపాన పటం. దాని పేరులోనే పటం ఉంది. నిచ్చెన ఎక్కితే ముప్పై గళ్లు ఒక్క ఊపులో. ముక్కోటి ఏకాదశి రాత్రి జాగారంలో అవ్వ గవ్వలు విసురుతుంటే పెద్దపాము దగ్గరికొచ్చేసరికి ఇంటిల్లిపాదికీ నిద్ర ఎగిరిపోయేది. నిచ్చెనకు ధర పామే. పాములన్నీ తీసేసి నిచ్చెనలే ఉంచిన వైకుంఠపాళిని ఎవరాడతారు? 2006 నాటి 'ఆబ్లివియన్'లో మొదటినుంచీ పెద్ద ఊళ్లన్నీ పటంలో తెరిచే ఉంటాయి, నొక్కితే చాలు. అద్భుతమైన ఆటే, కాదనను. నేను అందులో ఏ దారి గుర్తుపట్టగలనని అడిగితే చెప్పలేను.

అలిపిరి దగ్గర రెండు దారులు

మా జిల్లాలవాళ్లకు ఫాస్ట్ ట్రావెల్ అంటే ఏమిటో వేరే చెప్పనక్కర్లేదు. అలిపిరి దగ్గర నిలబడితే రెండూ పక్కపక్కనే కనిపిస్తాయి. ఒకవైపు మెట్లు, దాదాపు 3,550. తొమ్మిది కిలోమీటర్లు. ఇంకోవైపు ఘాట్ రోడ్డు. 1944లో మొదటి ఘాట్ రోడ్డు తెరిచేదాకా కొండెక్కాలంటే కాళ్లు, లేదంటే డోలీ. బస్సులొచ్చి ఎనభై ఏళ్లు దాటింది. అయినా మెట్లదారి ఖాళీ కాలేదు. శ్రీవారి మెట్టు వైపు 2,388 మెట్లే కాబట్టి అటు పోదామని లెక్కలేసుకునేవాళ్లూ, ప్రతి మెట్టుకూ పసుపు రాసి కుంకుమ పెడుతూ వంగిన నడుముతో ఎక్కేవాళ్లూ ఇప్పటికీ ఉన్నారు. ముప్పావు గంటలో పైకి చేర్చే బస్సు కళ్ల ముందు పోతుంటే చెప్పులు విప్పి మెట్టెక్కేవాడు తెలివితక్కువవాడు కాదు. వాడు మొక్కుకుంది కొండకు కాదు, దారికి.

అన్నమయ్య కథ చెప్పుకునేవాళ్లు చిన్నపిల్లాడిగా ఆయన కొండెక్కుతూ మోకాళ్ల పర్వతం దగ్గర అలిసి నిద్రపోయాడనీ, కలలో అలమేలుమంగ కనిపించి చెప్పులు తీసి ఎక్కమందనీ అంటారు. లేచి ఆమె మీద శతకం చెప్పాడట. పసరు కరిగినచోట వరూధిని, కాళ్లు అరిగినచోట అలమేలుమంగ. బస్సులో పోతే ఆ పిల్లాడు కిటికీ పక్కన నిద్రపోయి నేరుగా పైన లేచేవాడు.

మొన్న మేనల్లుడు ఊరికొచ్చాడు, ఇంజినీరింగు చదివే పిల్లోడు. వాడి ఫోన్లో 'మంకీ ఐలండ్' ఉంది, రంగులన్నీ కొత్తగా దిద్దిన కూర్పు. వంతెన దగ్గర ఇరుక్కున్నాడేమోనని ఆశగా తొంగిచూశాను. ఎప్పుడో దాటేశాడు. చేప సంగతి ఎట్లా తెలిసిందిరా అంటే, "సూచన నొక్కితే చెబుతుంది కదా మామా" అన్నాడు. వాడి తప్పేం లేదు. మా రోజుల్లో ఆ సూచన మా మామ రూపంలో అన్నాల దగ్గర కూచునేది, అంతే తేడా.

వాడికి చూపిద్దామని అటక మీంచి నోటుపుస్తకం దింపాను. చెదలు మూలలు తినేశాయి, పళ్లిపట్టు సగం పోయింది. పుష్కరిణి చదరాలు మాత్రం నిలిచాయి. వాడు వేలితో ఒక్కొక్క చుక్కా చూసుకుంటూ పోయాడు. గుడి చుక్క, డ్యాం చుక్క, వెదురుకుప్పం చుక్క. "ఇదేంది, పుత్తూరు సగమే నింపినారు?" అన్నాడు. అవ్వ పంచాయతీ చెప్పాను. నవ్వి, వేలు పైకి జరిపి కొండ మూలన ఆపాడు.

తిరుమల దగ్గర ఉత్త సున్నా. పక్కన బావ రాతలో, 'నడిచి పోవాల'. నేను ఇప్పటికి ఇరవైసార్లన్నా పోయి ఉంటాను, అన్నిసార్లూ బస్సే. "ఎప్పుడు నింపుతావు మామా?" అన్నాడు వాడు. మోకాళ్లు చూపించాను. వాడు ఫోన్ తీసి అలిపిరి నుంచి ఎంతసేపు పడుతుందో చూడబోయాడు.